సెయింట్ నోరా ఒడ్డున ఒక బడి

లిండ్సే పట్నం దాటి 35వ నంబరు రహదారి మీద ఉత్తరానికి పోతుంటే కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు నేల తీరే మారిపోతుంది. పొలాలు వెనకబడి బండ బయటపడుతుంది. అక్కడున్నవి చాలా పాత రాళ్లు. చాలాచోట్ల జానెడు మట్టి కూడా లేని ఆ బండ మీదే మేపుల్, హెమ్లాక్, బర్చ్, తెల్ల పైన్ చెట్లు వేళ్లు తన్ని నిలబడ్డాయి. పల్లాల్లో నీళ్లు నిలిచి వందల సరస్సులయ్యాయి. హాలిబర్టన్ కౌంటీ అంటే అదీ. డోర్సెట్ అనే చిన్న ఊరికి కాస్త ఇవతల, రోడ్డు పక్కనే, సెయింట్ నోరా సరస్సు ఉంది. దాని ఒడ్డున దాదాపు అరవై ఏళ్లు ఒక బడి నడిచింది. అడవిని అడవిలోనే నిలబెట్టి చదివించిన బడి. 2004 జులైలో దాన్ని మూసేశారు. మూతకు ప్రభుత్వం చూపిన కారణం ఏడాదికి 12 లక్షల డాలర్ల ఆదా.

ఆ బడి ఎందుకు పుట్టిందో తెలియాలంటే అంతకుముందు ఆ అడవికి ఏం జరిగిందో తెలియాలి. అది అనిషినాబె జాతుల నేల. వాళ్ల పిల్లలకు ఏ నీటిలో ఏ చేప ఎప్పుడు గుడ్లు పెడుతుందో, ఏ బెరడు ఏ నెలలో తేలిగ్గా ఊడివస్తుందో తల్లిదండ్రులే నేర్పారు. 1923లో విలియమ్స్ ఒప్పందాల పేరుతో ఆ నేల మీద వాళ్ల హక్కులు తీసేసుకున్నారు. అందులో జరిగిన అన్యాయానికి 2018లో గాని ప్రభుత్వాలు క్షమాపణ చెప్పలేదు, 111 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వలేదు. ఆ బండల మీద మొదట కూలిన బడి సెయింట్ నోరా బడి కాదు, ఆ తల్లిదండ్రుల బడే. ఈ కథ చెప్పేవాళ్లు ఆ మాట దాటిపోకూడదు.

తర్వాత కలప కంపెనీలు వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దమంతా తెల్ల పైన్ చెట్లు పడుతూనే ఉన్నాయి. గిల్మర్ అనే కంపెనీ 1894 ప్రాంతంలో డోర్సెట్ దగ్గర చేసిన పని వింటే ఆ ఆశ ఎంతటిదో అర్థమవుతుంది. ఉత్తరాన నరికిన దుంగలు లేక్ ఆఫ్ బేస్‌లోకి వచ్చి చేరేవి. కోతమిల్లేమో దూరాన దక్షిణంలో ట్రెంటన్‌లో ఉంది. ఆ సరస్సు నీళ్లు అటు పారవు. అందుకని కంపెనీ దుంగల్ని యంత్రాలతో కొండెక్కించి అవతలి సరస్సులో పడేసి, అక్కడి నుంచి వేరే నీటి దారిన మిల్లుకు తోలాలని చూసింది. డబ్బు గుమ్మరించింది. కొన్నేళ్లకే ఆ ప్రయత్నం కూలిపోయింది. నరికిన చెట్లు మాత్రం తిరిగి లేవలేదు. అడవిలో మిగిలిపోయిన కొమ్మలూ రెమ్మలూ ఎండి, నిప్పు రవ్వ పడితే చాలు కొండలకు కొండలే తగలబడేవి.

అలా తగలబడ్డాకే ప్రభుత్వానికి కాపలా గుర్తొచ్చింది. 1921లో రాష్ట్ర అటవీ శాఖ సెయింట్ నోరా ఒడ్డున రేంజర్ల కేంద్రం పెట్టింది. మరుసటి ఏడాది డోర్సెట్ కొండ మీద మంటలు కనిపెట్టే బురుజు లేచింది. కాపలా ఒక్కటే సరిపోదని, కాసేవాడికి అడవి తెలిసుండాలని గ్రహించడానికి ఇంకో ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. రెండో ప్రపంచయుద్ధం ముగుస్తున్న 1945లో అక్కడే ఒంటారియో ఫారెస్ట్ రేంజర్ స్కూలు తెరుచుకుంది. టొరంటో విశ్వవిద్యాలయపు అటవీ శాస్త్ర విభాగం దానికి తోడు నిలిచింది. కలప కొలవడం, మంటకు ఎదురు నిప్పు పెట్టడం, పటం పట్టుకుని దారి తీయడం, చేపలనూ వేటజంతువులనూ లెక్కించడం, చట్టం చదవడం, చదివినదాన్ని ఊళ్లో వేటగాడికి గొడవ లేకుండా చెప్పడం రేంజర్లు అక్కడ నేర్చుకున్నారు. విశ్వవిద్యాలయం విద్యార్థులు పుస్తకాలు మూసి నేల మీద పాఠాల కోసం అక్కడికే వచ్చేవారు.

1974లో ఆ బడికి కొత్త పేరు వచ్చింది, లెస్లీ ఎం. ఫ్రాస్ట్ సహజ వనరుల కేంద్రం. ఫ్రాస్ట్ లిండ్సేలో వకీలు, మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి వచ్చినవాడు. 1949 నుంచి 1961 దాకా ఒంటారియోకు ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి హోదా. ఈ ప్రాంతపు ఓటర్లే ఆయన్ని శాసనసభకు పంపారు. ఆయన 1973లో చనిపోయారు. మరుసటి ఏడాదే ఆ ప్రాంతపు బడికి ఆయన పేరు పెట్టారు. పేరుతోపాటు పనీ విస్తరించింది. అప్పటిదాకా ఉద్యోగులకే పరిమితమైన బడి తలుపులు పిల్లలకూ, పంతుళ్లకూ, మామూలు జనానికీ తెరుచుకున్నాయి. చుట్టూ 24 వేల హెక్టార్ల ప్రభుత్వ అటవీ భూమి. ఎకరాల్లో చెబితే అరవై వేలకు దగ్గర. అదే తరగతి గది.

ఆ గదిలో పాఠం ఎలా ఉంటుందో కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే పోయినది అదే. చలికాలంలో పిల్లల్ని మంచు మీదికి తీసుకెళ్లి పారతో నిలువునా గుంట తవ్విస్తారు. మంచు పొరలు పొరలుగా కనిపిస్తుంది, ఏ పొర ఏ తుఫానుదో చెప్పొచ్చు. పైన ఉష్ణమాపకం సున్నాకు ఇరవై డిగ్రీలు కిందికి చూపిస్తుంటే, అడుగున నేలను తాకే చోట సున్నాకు దగ్గర్లో ఉంటుంది. ఆ అడుగు సందులోనే చిట్టెలుకలు చలికాలమంతా బతుకుతాయి, నక్క వాటి అలికిడి విని పైనుంచి దూకుతుంది. మంచు కప్పడం ఆలస్యమైన ఏడాది ఆ ఎలుకలకు ఏమవుతుంది, నక్కకు ఏమవుతుంది అని పంతులు అడుగుతాడు. జవాబు పిల్లలే ఆలోచించి చెప్పాలి. వాతావరణ మార్పు అనే పెద్ద మాట ఎత్తకుండానే దాని మొదటి పాఠం అయిపోతుంది.

వేసవిలో పాఠం నీళ్లలో. ఆ బండకు సున్నపు గుణం లేదు, కాబట్టి ఆమ్లం పడితే తట్టుకునే శక్తి ఆ సరస్సులకు తక్కువ. 1970లలో ఉత్తర అమెరికా పొగగొట్టాల నుంచి లేచిన గంధకం ఆమ్ల వర్షమై ఇలాంటి సరస్సుల మీదే కురిసింది. ఒంటారియోలోనే సడ్బరీ నికెల్ కొలిమి కోసం 1972లో 381 మీటర్ల పొగగొట్టం కట్టారు, దగ్గర ఊళ్ల మీద పడే పొగ దూరం పోవాలని. దూరం పోయిన పొగ దూరపు నీళ్లలో పడింది. డోర్సెట్‌లో పర్యావరణ శాఖ శాస్త్రవేత్తలు 1970ల నుంచీ ఆ సరస్సుల నీళ్లు కొలుస్తూ వచ్చారు. 1991లో కెనడా, అమెరికా గాలి నాణ్యత ఒప్పందం చేసుకున్నాయంటే దాని వెనక ఇలాంటి కొలతలున్నాయి. ఆమ్లం తగ్గింది. కానీ ఏళ్ల తరబడి వాన నేలలోని కాల్షియాన్ని కడిగేసింది, ఆ లోటు ఇంకా పూడలేదు. పెంకుకు కాల్షియం కావలసిన డాఫ్నియా అనే నీటి పురుగు తగ్గి, చేపలకు అంతగా పనికిరాని జిగురు ఒంటి పురుగు పెరిగింది. కళ్లకు తేటగా కనిపించే నీళ్లలో ఇంత కథ ఉందని, ఒడ్డున సీసా పట్టుకుని నిలబడితే తప్ప పద్నాలుగేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది?

అడవి పక్కనే పుట్టిన పిల్లలకు అడవి గురించి మళ్లీ చెప్పాలా అని పట్నంలో కూర్చున్నవాళ్లకు అనిపిస్తుంది. పల్లె పర్యావరణ విద్య మీద ముందుగా కత్తెర పడడానికి ఈ ఆలోచనే ముఖ్య కారణమని నా నమ్మకం. నల్లమల అంచు ఊళ్లో పెరిగిన పిల్లవాడికి చెట్ల పేర్లు మనకన్నా ఎక్కువే తెలుసు. కానీ పై ఊరి క్వారీ తన ఊరి బావిని ఎలా ఎండగడుతుందో, అటవీ హక్కుల చట్టంలో గ్రామసభకు ఏ అధికారముందో, ఏ ఆఫీసులో ఏ కాగితం అడగాలో ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. హాలిబర్టన్ పిల్లకైనా అంతే. నాన్న కలప కోతకు పోతాడు, అమ్మ వేసవి కాటేజీలు శుభ్రం చేస్తుంది, తాను దుప్పి అడుగుజాడ గుర్తుపడుతుంది. ఆ తెలిసినదాన్ని తెలియనిదానితో కలిపే మనిషి ఒకరు కావాలి. పైగా రాష్ట్రంలో ఆదాయాలు బాగా తక్కువున్న కౌంటీల్లో హాలిబర్టన్ ఒకటి. ఫ్రాస్ట్ కేంద్రం అక్కడ బడి మాత్రమే కాదు, ఏడాది పొడవునా జీతమిచ్చే చోటు కూడా. వంటవాళ్లు, మరమ్మతు పనివాళ్లు, పంతుళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే.

పతనం ఒక్కరోజులో రాలేదు. 1995లో మైక్ హారిస్ నాయకత్వంలో వచ్చిన ప్రభుత్వం పన్నులు తగ్గిస్తానని, ఖర్చులు కోస్తానని చెప్పే గెలిచింది, చెప్పినట్టే కోసింది. సహజ వనరుల శాఖలో రెండు వేల దాకా ఉద్యోగాలు ఎగిరిపోయాయి. 1997లో 160వ బిల్లు వచ్చింది. బడుల డబ్బును స్థానిక బోర్డుల చేతిలోంచి తీసుకుని, విద్యార్థికి ఇంత చొప్పున రాజధాని నుంచే లెక్కకట్టడం మొదలైంది. విద్యార్థి తలకు కట్టే లెక్కలో అడవి బడికి చోటు లేదు, అక్కడిదాకా పిల్లల్ని మోసుకెళ్లే బస్సుకు అసలే లేదు. పట్నంలో బస్సు అరగంట పోతే సరిపోతుంది, పల్లెలో పిల్లలు తక్కువ, దూరం ఎక్కువ. 1990ల చివర రాసిన కొత్త పాఠ్యప్రణాళికలో పర్యావరణ శాస్త్రం ప్రత్యేక సబ్జెక్టుగా లేకుండా పోయింది. 2003లో టొరంటో బడుల బోర్డు షెల్బర్న్ దగ్గర పల్లెలో నడుపుతున్న బోయిన్ రివర్ ప్రకృతి పాఠశాలను మూసేసింది. పదేళ్ల కిందటే అక్కడ ఎండతో, గాలితో నడిచే భవనం కట్టారు. మురుగునీటిని మొక్కలతోనే శుద్ధి చేసి పిల్లలకు చూపించేవారు.

ఈ కోతల మధ్యే 2000 మే నెలలో వాకర్టన్ జరిగింది. బ్రూస్ కౌంటీలో చిన్న ఊరు అది. పెద్ద వానకు పశువుల పేడలోని ఈ.కోలై క్రిమి ఊరి తాగునీటి బావిలోకి దిగింది. 7 మంది చనిపోయారు, 2,300 మంది దాకా జబ్బుపడ్డారు. విచారణ జరిపిన న్యాయమూర్తి డెనిస్ ఓకానర్ పర్యావరణ శాఖ కోతల్ని వేలెత్తి చూపారు. నీళ్లు వదిలే ఉద్యోగులకు తగిన శిక్షణ లేదని, ఆ క్రిమి ఎంత ప్రమాదమో వాళ్లకు తెలియదని కూడా రాశారు. పేడ, వాన, బావి, క్లోరిన్. ఇది పై చదువు కాదు, ఊళ్లో ప్రతి మనిషికీ తెలిసుండాల్సిన చదువు. వాకర్టన్ తర్వాతనైనా పల్లెలో పర్యావరణ విద్యను అలంకారమని ఎవరూ అనుకోకూడదు. అయినా అనుకున్నారు.

2003 అక్టోబరులో ప్రభుత్వం మారింది. డాల్టన్ మెగింటీ లిబరల్ పార్టీ గెలిచింది. కోతలతో విసిగినవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. నెల తిరక్కుండానే మాజీ ఆడిటర్ ఎరిక్ పీటర్స్ లెక్క తేల్చారు, పాత ప్రభుత్వం వదిలిపోయిన లోటు 560 కోట్ల డాలర్లని. 2004 మే బడ్జెట్‌లో కొత్త ఆరోగ్య సుంకం పడింది. ప్రతి శాఖనూ ఎక్కడ తగ్గించగలవో చూపించమన్నారు. సహజ వనరుల మంత్రి డేవిడ్ రామ్సే శాఖ చూపించిన వాటిలో ఫ్రాస్ట్ కేంద్రం ఉంది. జులైలో కబురు వచ్చింది. ముందు సంప్రదింపు లేదు, ఊరితో మాట లేదు. రాష్ట్రం ఆ ఏడాది పెట్టే ఖర్చు 7,000 కోట్ల డాలర్లకు పైమాటే. అందులో 12 లక్షలంటే ప్రతి లక్ష డాలర్లకు రెండు డాలర్లు కూడా కాదు. ఒక కాగితం మీద ఒక వరుస కొట్టేస్తే అయిపోయే పని. ఆ వరుస కింద ఎంతమంది పిల్లల శీతాకాలాలున్నాయో కాగితం మీద కనిపించదు.

హాలిబర్టన్ ఊరుకోలేదు. జనం సభలు పెట్టారు, సంతకాలు చేశారు, ఉత్తరాలు రాశారు. ఆ ప్రాంతపు ప్రతిపక్ష సభ్యురాలు లారీ స్కాట్ శాసనసభలో మళ్లీ మళ్లీ లేచి అడిగారు. ఆమెది కోతలు మొదలుపెట్టిన పార్టీయే, కానీ ఆ బడి విషయంలో ఊరి తరఫున నిలబడ్డారు. చివరికి ఆస్తిని ఏం చేయాలో స్థానికులతో కలిసి ఆలోచిస్తామని ప్రభుత్వం దిగివచ్చింది. 2007లో ఫ్రాస్ట్ సెంటర్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో కౌలు మీద మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. ఈసారి ప్రభుత్వ జీతాలు లేవు, వచ్చినవాళ్లు కట్టే రుసుముతోనే అన్నీ నడవాలి. పాత భవనాలు, పొడవైన చలికాలం, కరెంటు బిల్లు. ఫీజు కట్టగలిగిన బడులు దూరం నుంచి రావాలి, పక్క ఊరి బడికేమో ఫీజు కట్టే స్తోమత లేదు. మూడేళ్లకు, 2010లో, ఆ దీపమూ ఆరింది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ మధ్యలోని 2007వ సంవత్సరం. ఆ ఏప్రిల్‌లో రాష్ట్ర పర్యావరణ కమిషనర్ గోర్డ్ మిల్లర్ శాసనసభకు ప్రత్యేక నివేదిక ఇచ్చారు. డబ్బూ మనుషులూ అనుభవజ్ఞులూ లేక పర్యావరణ, సహజ వనరుల శాఖలు రెండూ తమ పని తాము చేయలేని స్థితికి వచ్చాయని అందులో చెప్పారు. జూన్‌లో మరో నివేదిక వచ్చింది. 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన కెనడా తొలి మహిళ రాబర్టా బాండర్ అధ్యక్షతన వేసిన కమిటీది. ప్రతి తరగతిలో, ప్రతి సబ్జెక్టులో పర్యావరణ విద్య ఉండాలని, పిల్లలు బయటికి వెళ్లి నేర్చుకోవాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. ప్రభుత్వం ఒప్పుకుంది. 2009లో విధాన పత్రం కూడా వెలువడింది. దాన్ని ఆచరణలో పెట్టాల్సిన పంతుళ్లకు అడవిలో శిక్షణ ఎవరివ్వాలి? ఆ పని తెలిసినవాళ్లు 2004లోనే సామాన్లు సర్దుకుని పోయారు. కొందరు పదవీ విరమణ చేశారు, కొందరు వేరే శాఖలకు వెళ్లారు, కొందరు ఆ పనే మానేశారు. విత్తనం నానబెట్టి, మొలకెత్తాక తీసి పారేసి, మళ్లీ పంట కావాలని అడిగినట్టుంది. పాతికేళ్లు ఒకే కొండ మీద పిల్లలతో తిరిగిన మనిషికి ఏ మలుపులో ఏ ప్రశ్న వేస్తే పిల్లల కళ్లు వెలుగుతాయో తెలుసు. ఆ తెలివిడిని ఏ ఫైల్లోనూ దాచలేదు, దాచడానికి వీలు కానిది అది.

2012లో మరో రెండు వేట్లు పడ్డాయి. 1944 నుంచి పదిహేడేళ్ల పిల్లల్ని వేసవిలో అడవి శిబిరాలకు పంపి, బాటలు శుభ్రం చేయించి, చెట్లు నాటించి, చిన్న జీతమిచ్చిన ఒంటారియో రేంజర్ల కార్యక్రమానికి ఆ ఏడు తెరపడింది. శిబిరాలు ఎక్కువగా ఉత్తరాది మారుమూలల్లోనే ఉండేవి. అదే ఏడాది కెనడా కేంద్ర ప్రభుత్వం కెనోరా దగ్గరున్న ప్రయోగ సరస్సుల కేంద్రానికి డబ్బు ఆపుతున్నట్టు చెప్పింది. అక్కడ 58 సరస్సులు. 1968 నుంచి సరస్సు మొత్తాన్నే ప్రయోగశాలగా వాడిన చోటు అది. డిటర్జెంట్లలోని ఫాస్ఫరస్ నీటిని నాచుతో ఎలా నింపుతుందో డేవిడ్ షిండ్లర్ లోకానికి చూపించింది అక్కడే. ఆ మూత వార్తకు ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు గొంతెత్తారు. 2014లో ఒక స్వతంత్ర సంస్థ, ఒంటారియో ప్రభుత్వ సాయంతో, దాన్ని దక్కించుకుంది. సంతోషించాల్సిన సంగతే. కానీ కొత్త సంగతులు కనిపెట్టేవాళ్లకు పత్రికలున్నాయి, పురస్కారాలున్నాయి, పేరుంది. పన్నెండేళ్ల పిల్లకు నీటి పురుగును చూపించే పంతులమ్మకు అవేమీ లేవు. ఆమె కోసం లేచిన గొంతులు ఆ ఊరివే, అవి టొరంటో దాకా సగమే వినిపించాయి.

మన దగ్గరా సంగతి వేరుగా లేదు. బడుల్లో పర్యావరణ విద్య తప్పనిసరి అని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. తర్వాత పదేళ్లకు నేషనల్ గ్రీన్ కోర్ కింద ఊరూరా బడుల్లో పర్యావరణ క్లబ్బులు మొదలయ్యాయి. ఏడాదికి బడికి కొన్ని వేల రూపాయలు, అవి వచ్చిన ఏడు మొక్కలు నాటడం, రాని ఏడు బోర్డు మాత్రం మిగలడం. ఓపికున్న సైన్సు మాస్టారు ఉన్నచోట మాత్రం ఆ కొద్ది డబ్బుతోనే చెరువు నీళ్ల పరీక్షలు, పిట్టల లెక్కలు జరిగాయి. మాస్టారు బదిలీ అయ్యాక అవి ఎన్నాళ్లు నిలిచాయో ఆయా ఊళ్లవాళ్లను అడిగితే తెలుస్తుంది.

ఇప్పుడు సెయింట్ నోరా సరస్సు మీద పడవలు తిరుగుతున్నాయి. ఫ్రాస్ట్ కేంద్రం చూసుకునే పడవ దారులను, గుడారాల చోట్లను ఆల్గొంక్విన్ హైలాండ్స్ అనే చిన్న పంచాయతీ తన భుజాన వేసుకుంది. నోరా నుంచి షెర్బోర్న్ సరస్సుకు పడవ మోసుకెళ్లే బాటను శుభ్రంగా ఉంచుతోంది. వేసవి విహారానికి వచ్చేవాళ్లకు ఏ లోటూ లేదు. లేనిది ఆ బాట మీద పిల్లల్ని ఆపి, ఈ చెట్టు బెరడు ఎందుకిలా ఉందో చెప్పమని అడిగే మనిషి.

ఒంటారియో దక్షిణాన మిగిలిన అడవి బడుల్లో కొన్ని కన్సర్వేషన్ అథారిటీలవి. నదుల పరీవాహకాన్ని బట్టి ఏర్పడిన ఈ సంస్థలకు 1946 నాటి చట్టం పునాది. 1954 అక్టోబరులో హేజెల్ తుఫాను ఒంటారియోలో 81 మందిని పొట్టన పెట్టుకున్నాక, వరద మైదానాల్లో ఇళ్లు కట్టకుండా చూసే బాధ్యత వీటి మీద పడింది. ఆ మైదానాల్లోనే పిల్లలకు పాఠాలు చెప్పే కేంద్రాలు వెలిశాయి. 2019లో డగ్ ఫోర్డ్ ప్రభుత్వం వీటికిచ్చే వరద నిధిని 74 లక్షల డాలర్ల నుంచి 37 లక్షలకు కోసింది. 2020లో చట్టం మార్చి వీటి పనుల్ని తప్పనిసరివి, కానివి అని విడదీసింది. వరద అదుపు తప్పనిసరి. పిల్లలకు నది గురించి చెప్పడం తప్పనిసరి కాదు. 2024 జనవరి 1 నుంచి, తప్పనిసరి కాని పనికి స్థానిక పన్ను డబ్బు వాడాలంటే ఆ పరీవాహకంలోని మునిసిపాలిటీలతో ఒప్పందం ఉండాలి. గడువు తీరినప్పుడల్లా ఆ ఒప్పందాన్ని మళ్లీ బల్ల మీద పెట్టాలి. పెద్ద నగరాలున్న చోట సంతకాలు తేలికే. కొన్ని వేల ఇళ్లున్న పల్లె కౌన్సిలు మాత్రం ఆ సాయంత్రం అదే బల్ల మీద వంతెన మరమ్మతు, మంచు తోసే లారీ, అగ్నిమాపక బండి టైర్లు పెట్టుకుని కూర్చుంటుంది. చిట్టచివరి అంశంగా అడవి బడి వస్తుంది. చేతులెత్తి ఓటేయాల్సిన ఆ అయిదుగురో ఏడుగురో సభ్యుల్లో చిన్నప్పుడు అలాంటి బడికి వెళ్లినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు.